ముప్పయ్యొకటో గంట

ఒకానొక రాజ్యంలో మనుషులు గొంతులో దీపంతో పుట్టేవారు. దీపమంటే ప్రమిదా వత్తీ కాదు. మెడ కింద చిన్న గుంట ఉంటుంది చూడండి, అక్కడ చర్మం లోపల మిణుగురంత వెలుగు. ఆ వెలుగు ఒక్క మాటకు సరిపోయేది. మనిషి జన్మలో ఒక్కసారి దేన్నైనా మనసారా కోరి పైకి అంటే అది జరిగి తీరేది. ఆ వెంటనే దీపం ఆరిపోయేది. మనసులో లేకుండా ఊరికే కోరినా ఆరిపోయేది, పని మాత్రం జరిగేది కాదు. మళ్ళీ వెలిగించే ఉపాయం ఏ శాస్త్రంలోనూ లేదు.

నాకే అలాంటి దీపం ఉంటే ఈపాటికి ఏ పుల్లట్టుకో ఖర్చు పెట్టేసేవాణ్ణి. ఆ రాజ్యం వాళ్ళు మాత్రం దాన్ని ప్రాణంలా దాచుకునేవారు.

ఆ రాజ్యాన్ని ఉద్దండభూపతి ఏలేవాడు. రోజూ పొద్దున్నే ఆస్థాన జ్యోతిష్కుడు ఆయన జాతకం చదవాలి, ఆయన తల ఊపుతూ వినాలి. ఈ జాతకుడు సూర్యచంద్రులకు సాటి అనీ, కొండలు సైతం తలవంచుతాయనీ అందులో ఉంది. అన్నీ బాగానే ఉన్నాయి గానీ, కోటకు పడమట ఉన్న కొండ మాత్రం నలభై ఆరేళ్ళుగా తలవంచలేదు. పైగా సాయంత్రమయ్యేసరికి దాని నీడ వచ్చి సింహాసనం మీద కూర్చునేది.

ఒకనాడు రాజుగారికి ఓపిక చచ్చిపోయింది. "ఆ కొండ నాకు వంగి మొక్కాలి. మీలో ఎవరి మాట ఖర్చు పెడతారు?" అని సభలో అడిగాడు.

అంతవరకూ ప్రాణాలిస్తామన్న నలభై మంది ఉత్తరీయాలు ఒక్కసారిగా మెడల మీదికి పాకాయి. ఒకరికి జలుబు చేసిందట. ఒకరి దీపం చిన్నప్పుడే ఆరిపోయిందట. మంత్రి కాస్త తెలివైనవాడు. "ప్రభూ, ఏటిగట్టు కింది ఊళ్ళో తవుడమ్మ అనే ముసలిది ఉంది. డెబ్బై ఏళ్ళుగా మాట దాచుకుని కూర్చుంది" అన్నాడు.

మర్నాడు తవుడమ్మను తీసుకొచ్చి నిలబెట్టారు. ముడతలు పడ్డ ఆ మెడలో దీపం నిబ్బరంగా వెలుగుతోంది. అంత వయసు మనిషి దగ్గర అంత వెలుగు ఆ సభలో ఎవరూ చూసి ఉండలేదు. భటులు కూడా ఆమె రెక్క వదిలి కాస్త దూరం జరిగారు.

"మారాజా, ఈ మాట నాది కాదు" అంది తవుడమ్మ. "ఏటిగట్టు తెగితే మా మూడొందల గడపా మునిగిపోద్ది. అందుకని మా ఊళ్ళో ఒక్కరు మాట దాచిపెట్టుకోవాల. నాకు ఏడేళ్ళప్పుడు పెద్దలు ఆ పని నాకు అప్పజెప్పినారు. నా పెనిమిటి మంచాన పడి నా ముఖంకేసే చూస్తా పోయినాడు. అప్పుడు కూడా నేను నోరు ఇప్పలేదు. ఇప్పుడు కొండ వంగడానికి ఎలా ఇచ్చేది, బాబూ?"

 రాజుగారికి అదేమీ ఎక్కలేదు. "రాజు కోరితే ప్రజలు కోరినట్టే. ఊఁ, అను" అన్నాడు.

సభామండపంలో ఓ మూల కొమ్మన కూర్చుని ఉంటాడు. గడియలు కొట్టడం అతని పని. అడుగున సన్నని చిల్లు ఉన్న రాగిగిన్నెను నీళ్ళ గంగాళంలో వదులుతాడు. గిన్నె నిండి మునిగితే ఒక గడియ, అంటే మన లెక్కలో ఇరవై నాలుగు నిమిషాలు. పొద్దు పొడిచింది మొదలు ఎన్ని గడియలైతే అన్ని గంటలు కొడతాడు. నెత్తి నెరిసినా లెక్క తప్పని మనిషి. అతను లేచి చేతులు జోడించాడు.

"ఏలినవారి ఆజ్ఞకు అడ్డేముంది? కాకపోతే మన దగ్గర ఒక పాత మర్యాద ఉంది. ఇంకొకరి మాట అడిగేవారు ముందు తమ మాట దేనికి ఖర్చయిందో నలుగురిలో చెప్పాలి. పిల్లనడగడానికి వెళ్ళినా చెప్పాల్సిందే కదా."

రాజుగారి చెయ్యి మెడలో ఉన్న వెడల్పాటి కంటె మీదికి వెళ్ళింది. ఊహ తెలిసినప్పటినుంచీ ఆయన దాన్ని తీసింది లేదు. "నా మాటా? ఆరేళ్ళ వయసులోనే శత్రుసేనను తరిమేశాను" అన్నాడు.

కొమ్మన వెంటనే సాష్టాంగపడ్డాడు. "అయితే నన్ను కొలువులోంచి తీసేయండి మహారాజా. నా గిన్నె తప్పుడు గిన్నె."

"ఇప్పుడు గిన్నె గొడవేమిటి?"

"నలభై ఏళ్ళ కిందట, ఆశ్వయుజంలో, పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజది. ముప్పై గడియలకు పొద్దుగుంకాలి. ముప్పయ్యో గంట కొట్టి చూశాను, సూర్యుడు కొండ అంచున అలాగే ఉన్నాడు. గిన్నె మళ్ళీ వదిలాను, మళ్ళీ మునిగింది. సూర్యుడు కదల్లేదు.  ముప్పయ్యొకటో గంట కొట్టాను. తాగి కొట్టానని పెద్ద మహారాజుగారు పన్నెండు కొరడా దెబ్బలు వేయించారు. ఎవరో సూర్యుడి మీద మాట ఖర్చు పెట్టి ఉంటారని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆ సాయంత్రం కొండ మీద ఓ పసివాడు తప్పిపోయి దొరికాడు లెండి. కానీ ఆ పసివాడి మాట శత్రుసేనకు ఖర్చయిందని ఇప్పుడు తమరే సెలవిచ్చారు. అంటే నా గిన్నె లెక్క తప్పినట్టే."

"తప్పితే తప్పింది, పోనీ."

"ఎలా పోతుంది ప్రభూ? తమరు పుట్టిన గడియ చెప్పింది కూడా ఆ గిన్నే."

జ్యోతిష్కుడి చేతిలోని జాతకం జారి కిందపడింది. గిన్నె అబద్ధమైతే సూర్యచంద్రులకు సాటి అన్నదీ అబద్ధమే. గిన్నె నిజమైతే శత్రుసేన అబద్ధం. రాజుగారు అటు చూశాడు, ఇటు చూశాడు. చివరికి మెడ వెనక్కి చేతులు పెట్టి కంటె విప్పాడు. లోపల గుంట చల్లారిన పొయ్యిలా నల్లగా ఉంది.

"దారి తెలియలేదు" అన్నాడు చిన్న గొంతుతో. "చీకటి పడితే అమ్మకు కనబడనని భయమేసింది. అమ్మ వచ్చేదాకా పొద్దు గుంకొద్దు అన్నాను. సూర్యుడు ఆగిపోయాడు, కొమ్మనా. గూళ్ళకు చేరిన పక్షులు మళ్ళీ లేచి ఆకాశమంతా తిరిగాయి. కొండంతా బంగారంలా అయిపోయింది. ఆ వెలుతురులో అమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది. కాబోయే రాజు భయపడి ఏడ్చాడంటే నవ్వుతారని నాన్నగారు ఈ కంటె వేయించారు. నిన్ను కొట్టించింది కూడా అందుకే."

ఎవరూ నవ్వలేదు. తవుడమ్మ కళ్ళు తుడుచుకుంది. "మంచి పనికే ఇచ్చినావు, నాయనా" అంది.

కొమ్మన లేచి నిలబడ్డాడు. "ప్రభూ, ఒక్క సందేహం. ఆరేళ్ళ వయసులో సూర్యుణ్ణే ఆపినవారికి ఇప్పుడు ఓ రాళ్ళగుట్ట మొక్కితే గౌరవం పెరుగుతుందా, తరుగుతుందా?"

 రాజుగారు నవ్వాడు. కంటె లేని మెడతో, పొట్ట పట్టుకుని, కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు. తవుడమ్మను తన పల్లకిలో ఊరికి పంపించాడు. ఆ ఏడే ఏటిగట్టుకు రాతి కట్టడం కట్టించాడు. కంటెను కొమ్మన మెడలో వేసి, "ఇంకేం కావాలో కోరుకో, నీ పన్నెండు దెబ్బలకూ బదులుగా" అన్నాడు.

"నేను కొట్టింది తప్పు గంట కాదని అందరికీ తెలిస్తే చాలు మహారాజా."

అప్పటినుంచి ఆ రాజ్యంలో పొద్దుగుంకేవేళ ఒక గంట ఎక్కువ కొడతారు. ఉద్దండభూపతి బతికున్నన్నాళ్ళూ దాన్ని తనే స్వయంగా, కొండవైపు తిరిగి కొట్టేవాడు. ఆ గంట వినబడగానే ఊరూరా తల్లులు వాకిట్లోకి వచ్చి తమ పిల్లల్ని పేరు పెట్టి పిలుస్తారు.