ఘాట్ దిగే ముందు

సైకిల్ మీద కొండ ఎక్కేటప్పుడు కామాక్షిని పట్టుకోగలిగిన వాళ్లు లేరు. దిగేటప్పుడు కామాక్షిని దాటని వాళ్లు లేరు. అదే ఆమె కష్టం.

ఎండాకాలంలో ఇట్లా ఉండేది కాదు. నెల్లూరు వైపు వానలు కార్తీకంలో మొదలై మార్గశిరం దాకా పడతాయి. చలీ వానా కలిసే వస్తాయి. ఆ వానలు మొదలైనప్పటి నుంచి రాపూరు ఘాట్ రోడ్డు దిగుతుంటే ఆమె చేతులు బిగుసుకుపోతున్నాయి. మలుపు కనబడితే చాలు, సైకిల్‌ను నడకంత నెమ్మది చేసేస్తోంది.

వచ్చే ఆదివారం అదే ఘాట్ మీద అమ్మాయిల సైకిల్ పందెం. రాపూరులో బయలుదేరి, కొండెక్కి, అవతలి వైపు దిగి చిట్వేలి చేరాలి. మొదట వచ్చిన ఇద్దరికీ రాష్ట్ర జట్టులో చోటు. కామాక్షికి నిద్రలో కూడా ఆ రోడ్డే కనిపిస్తోంది.

ఆమె మస్తాన్ సార్ దగ్గరికి వెళ్లింది. ఆయన హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైనవాడు. వయసులో ఉన్నప్పుడు ఇదే ఘాట్‌ను జోరువానలో దిగి పందెం గెలిచాడని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. కామాక్షిని మొదటిసారి రేసు సైకిల్ ఎక్కించింది ఆయనే.

"సార్, నాకు ధైర్యం నేర్పించండి" అంది, గుమ్మంలో నిలబడే.

ఆయన వసారాలో కూర్చుని ఇడ్లీ తింటున్నాడు. "ధైర్యమా? దేనికమ్మే?"

"వానలో ఘాట్ దిగడానికి. భయం పట్టుకుంది సార్ నాకు. నేను కష్టపడి ఎక్కి ముందుంటే, దిగేకాడ అందరూ నన్ను దాటుకుని పోతుండారు. ఏడుపొస్తుండాది."

"సైకిలెట్టుండాది?"

"దానికేం సార్, బంగారంలాగుంది. రోజూ తుడుస్తుండాను గదా."

నిజంగానే ఆ ఎర్ర ఫ్రేము మీద బురద చుక్క లేదు. ఆయుధపూజ రోజు అంటించిన స్టిక్కరు బొట్టు కూడా ఊడలేదు. సార్ దాన్ని ఒకసారి చూశాడు. చెయ్యి కడుక్కుని, "రేపు పొద్దున కొండ మీదికి పోదాం" అన్నాడు.

తెల్లారేసరికి సన్నగా జల్లు పడుతోంది. ముందు కామాక్షి సైకిల్, వెనక సార్ మోపెడ్. ఎక్కుడు మొదలవగానే ఆమె సీటు మీంచి లేచి నిలబడి తొక్కింది. రోడ్డు పక్కన ఎర్రనీళ్లు వాగులాగా కిందికి పారుతుంటే వాటికి ఎదురుగా పైకి పోయింది. ఒకచోట సార్ మోపెడ్ కూడా మూలుగుతూ వెనకబడింది. కొండపైకి చేరేసరికి ఆమె ఒళ్లంతా ఆవిర్లు కక్కుతోంది.

"చూశారా సార్! ఎక్కుడులో నాకు సాటెవరు!" అని నవ్వింది, ఊపిరందకపోయినా.

కొండ మీద ఒక చిన్న రేకుల షెడ్డు ఉంది. సార్ మోపెడ్‌ను దాని కింద స్టాండేసి, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచాడు.

"నీ హెల్మెట్టియ్యి."

"ఎందుకు సార్?"

"నేను దిగి చూపిస్తా. నువ్వు బండి మీద వెనకాల రా. చూసి నేర్చుకో."

కామాక్షి ఎగిరి గంతేసింది. ఎన్నాళ్లుగానో వింటున్న ఆ దిగుడును కళ్లారా చూడబోతోంది! హెల్మెట్ తీసి తానే ఆయన తలకు పెట్టింది. గడ్డం కింద బెల్టు బిగించింది. ఆయన సైకిల్ ఎక్కి, ఒక కాలు నేల మీద ఆనించి, ముందు చక్రం పల్లం వైపు తిప్పాడు. కింద మంచులో రోడ్డు సగం దాకానే కనిపిస్తోంది.

"సార్" అంది కామాక్షి. "కొంచెం నిదానంగా పోండి."

"ఎందుకు?"

"ముందు బ్రేకు కాస్త లేటుగా పడుద్ది."

"సరే."

"వెనకది గూడా గట్టిగా నొక్కాల. వైరు తుప్పు పట్టినట్టుండాది."

"సరేలే" అని ఆయన నేల మీది కాలు తీసి పెడల్ మీద పెట్టాడు. చక్రం ఒక్క అంగుళం కదిలింది.

కామాక్షి పరుగున పోయి ఎదురుగా నిలబడింది. రెండు చేతులతో హ్యాండిల్ పట్టేసుకుంది.

"వద్దు సార్! దిగొద్దు! బ్రేకు రబ్బర్లు అరిగిపోయినాయి. వాటిల్లో ఇసుక ఇరుక్కుని రిమ్మును గీరేస్తుండాది. వెనక టైరుకు కోత పడింది, నేను చూశా. మొదటి మలుపు కాడ ఇది ఆగదు సార్! మీరు లోయలోకి పోతారు!"

ఆమె అరుపు కొండకు తగిలి మళ్లీ వినిపించింది.

సార్ సైకిల్ దిగలేదు. అట్లాగే ఆమె మొహంలోకి చూశాడు.

"ఇయన్నీ నీకెప్పటి నుంచి తెలుసు?"

కామాక్షికి మొదటి వాన రోజు నుంచే తెలుసు. సైకిల్ విప్పి కూర్చుంటే ఆ పూట ప్రాక్టీసు పోతుందని వాయిదా వేస్తూ వచ్చింది. ఇంటికి రాగానే పైకి కనబడేంతవరకే తుడిచి, గోడకు ఆనించి లోపలికి పోయేది. చైను కరకరమన్నప్పుడు పాట కాస్త పెద్దగా పాడుకునేది.

ఆయన దిగాడు. హెల్మెట్ తీసి ఆమె తలకు పెట్టాడు.

"నీ భయం నీకు అబద్ధం చెప్పలేదమ్మే" అన్నాడు.

ఆ రోజు ఇద్దరూ వచ్చిన దారినే ఘాట్ నడిచి దిగారు. ఆమె సైకిల్ నడిపించుకుంటూ ముందు, ఆయన మోపెడ్ నడిపించుకుంటూ వెనక. మోపెడ్‌కేమీ కాలేదు గదా సార్, ఎక్కి పోండి అని ఆమె బతిమాలినా ఆయన ఎక్కలేదు.

మధ్యాహ్నం కామాక్షి సార్ వసారాలో సైకిల్‌ను తలకిందులు చేసింది. సార్ కుర్చీలో కూర్చుని చూస్తున్నాడే గాని చెయ్యి వెయ్యలేదు. కామాక్షే చక్రాలు విప్పింది. కొత్త రబ్బర్లు, కొత్త వైర్లు వేసింది. టైరు మార్చింది. రిమ్ములను గుడ్డతో రుద్దితే గుడ్డ నల్లగా మారింది. చైనును ఆరేదాకా తుడిచి, లింకు లింకుకూ ఒక్కో చుక్క ఆయిల్ వేసి, పైకి కారిందంతా మళ్లీ తుడిచేసింది.

సైకిల్‌ను మళ్లీ తిన్నగా నిలబెట్టి, సీటు గొట్టం పైకి లాగి ఫ్రేమును వంచగానే లోపలి నుంచి ఎర్రనీళ్లు బొళబొళా కారి ఆమె పాదాలు తడిపేశాయి.

"అమ్మో! ఇన్ని నీళ్లు మోసుకుంటా కొండెక్కుతుండానా సార్ నేను!"

ఆమె పడీపడీ నవ్వింది. సార్ కూడా నవ్వాడు. ఆయన అంతగా నవ్వడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"ఇంక చాలా సార్?" అని అడిగింది, పెడల్ చేత్తో తిప్పుతూ.

"నన్నడుగుతావేంది? దాన్నే అడుగు."

కామాక్షి వంగి చెవి పెట్టి వింది. మళ్లీ చైను విప్పింది.

ఆ తరవాత రోజూ వానలోనే తొక్కింది. ఇంటికొచ్చాక తల కూడా తుడుచుకోకుండా ముందు సైకిల్ పని చూసేది. పిన్నీసుతో బ్రేకు రబ్బర్లలో ఇసుక తీసేది. టైరు చుట్టూ వేలితో తడిమి గాజు ముక్కలు ఏరేది. వాళ్లమ్మ లోపలి నుంచి కేకలేస్తూనే ఉండేది, జలుబు చేస్తుందని.

ఆదివారం వాన దంచి కొట్టింది. పందెం ఆపేస్తారేమోనని కామాక్షికి ఒకటే కంగారు. ఆపలేదు. ఎక్కుడులో ఎప్పటిలాగే ఆమే ముందు. కడప నుంచి వచ్చిన రేష్మ ఒక్కతే వెనకాల అంటుకుని ఉంది. కొండపైకి చేరారు. రోడ్డు పల్లంలోకి వంగింది.

మొదటి మలుపు వచ్చింది. కామాక్షి మలుపుకు ముందే బ్రేకు నొక్కింది. మెత్తగా పడింది. సైకిల్ చెప్పిన మాట విన్నట్టు వంగి, మలుపు తిరిగి, మళ్లీ లేచింది.

ఆమె వేళ్లు వాటంతటవే వదులయ్యాయి. రెండో మలుపులో ఇంకాస్త ఆలస్యంగా నొక్కింది. మూడో మలుపులో ఇంకాస్త. వాన చినుకులు మొహానికి గవ్వల్లాగా తగులుతున్నాయి. చెట్లు, రాళ్లు, మంచు అన్నీ వెనక్కి పరుగెడుతున్నాయి. గొంతులోంచి తనకు తెలియకుండానే ఒక కేక వచ్చింది. అది భయం కేక కాదు. వెనకాల వస్తున్న రేష్మ కూడా అది విని నవ్వుతూ కేక పెట్టింది. ఇద్దరమ్మాయిలూ అట్లా అరుచుకుంటూ కొండ దిగారు.

కింద చదును రోడ్డు మీద రేష్మ సగం చక్రం తేడాతో ముందుగా గీత దాటింది. కామాక్షి రెండోది. రాష్ట్ర జట్టులో ఇద్దరూ ఉన్నారు.

చిట్వేలిలో షామియానా కింద గోలగోలగా ఉంది. డప్పులు, దండలు, వేడివేడి బజ్జీలు. ఫొటోకి కామాక్షిని పిలుస్తున్నారు. ఆమె ఎక్కడా లేదు.

మస్తాన్ సార్ టీ గ్లాసు పట్టుకుని వెతుక్కుంటూ షామియానా వెనక్కి వచ్చాడు. అక్కడ కామాక్షి సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టుకుని, ఎవరినో అడిగి తెచ్చుకున్న పాత తువ్వాలుతో చైను తుడుస్తోంది.

"అందరూ ఫొటోకి పిలుస్తుండారు. టీ చల్లారిపోతుండాది. పందెం అయిపోయింది గదమ్మే, ఇంకేంది తొందర?"

కామాక్షి తలెత్తింది. మొహం నిండా ఎర్ర బురద. అందులో కళ్లు మిలమిల్లాడుతున్నాయి.

"రేపు గూడా వానంట సార్!"