కుందేలు కాలు, వెదురు మీట

అనగనగా ఒక అడవిలో, ఉరుము ఉరిమితే దాక్కోవలసింది పోయి, ఆ ఉరుముతోనే పోటీపడే ఒక మేళం ఉండేది. దాని పేరు కూడా ఉరుముల మేళమే.

అందులో పాడేది ఎలుగుబంటి గురప్ప. అతను పాడేవన్నీ కొండదేవర మీద భక్తి పాటలే. కాని ఒక్క మాటా ఎవరికీ అర్థమయ్యేది కాదు. "గుర్ర్ర్... ఘుర్ర్ర్..." అని కడుపులోంచి లాగి పాడేవాడు. పండుటాకులు జలజలా రాలిపోయేవి.

"ఏం పాడావు గురప్పా?" అని ఎవరైనా అడిగితే, "దేవరకి అర్థమైంది, మీకెందుకు?" అనేవాడు.

ఇక డోలు కొట్టేది కుందేలు చెంగి. డోలంటే చేత్తో కొట్టే డోలు కాదు పిల్లలూ. బోలుగా ఉన్న మద్ది దుంగలు రెండు పక్కపక్కన పడి ఉండేవి. చెంగి ఒక రాతి మీద కూర్చుని, వెనక కాళ్ళతో వాటిని తన్నేది. కుడి, ఎడమ, కుడి, ఎడమ. వేడి మూకుట్లో పేలాలు ఎగిరినట్టు టపటపటపటపా తన్నేది. అంత వేగం ఆ అడవిలో ఇంకెవరికీ లేదు.

కాని కుందేలు కాలు ఎంత? దాని బరువెంత? గురప్ప నోరు తెరిచాడంటే డోలు చప్పుడు అందులో కలిసిపోయేది. వెనక వరసలో ఏనుగులు మెడలు చాచి చూసేవి.

"ఆ పిల్ల కాళ్ళు ఎందుకలా విదిలించుకుంటోంది?" అనేది ఒక ఏనుగు.

"తిమ్మిరెక్కాయేమో పాపం!" అనేది ఇంకొకటి.

చెంగికి తల కొట్టేసినట్టయ్యేది.

ఇలా ఉండగా దేవర జాతర దగ్గరపడింది. ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. జాతర రోజున దేవర రాయిని అడవిదున్న కాటయ్య తాత వీపు మీద కట్టి కొండ ఎక్కిస్తారు. కొండ కింద డోలు మోగుతుంది. దెబ్బకో అడుగు చొప్పున పైకి నడవాలి. డోలు ఆగితే ఆగాలి. కొండ మెడ దగ్గర దారి మరీ సన్నం, ఒక పక్కంతా లోయ. అక్కడ డోలు మెల్లగా మోగాలి, అడుగు మెల్లగా పడాలి.

కాటయ్య తాత వయసులో ఉన్నప్పుడు ఆ దుంగలు తన్నినవాడే. ఆయన తన్నితే కొండ అవతల కొంగలు లేచేవట. ఆయన చెంగిని పిలిచాడు.

"ఏమే పిల్లా, కొండ మీదికి వినపడేలా కొడతావా? లేకపోతే మా మనవణ్ణి కూర్చోబెట్టనా?"

"కొడతాను తాతా!" అంది చెంగి. అనేసింది గాని గుండెల్లో రాయి పడింది. ఆ డోలు తప్ప దానికి ఇంకో లోకం లేదు మరి.

మొదట బలం కోసం రోజంతా దుంపలు తింది. బలం కాళ్ళకి రాలేదు, పొట్టకి వచ్చింది. తరవాత కాళ్ళకి గులకరాళ్ళు కట్టుకుంది. టప్పు... అని ఒక దెబ్బ పడ్డాక, రెండో దెబ్బ పడేలోపు గురప్ప ఒక కునుకు తీశాడు. ఆఖరికి గురప్పనే బతిమాలింది.

"అన్నా, కొంచెం మెల్లగా పాడవూ?"

"ఓ, దానికేం!" అని గురప్ప గుసగుసగా పాడాడు. ఆ గుసగుసకి చెట్టు మీద ఉడత పట్టు తప్పి పొదలో పడింది.

అప్పుడు గిజిగాడు వచ్చాడు. గడ్డిపోచలతో గాలికి ఊగే గూడు అల్లే పిట్ట కదా, ముడి వేయడంలో అతనికి సాటి లేదు. చెంగి బాధంతా తల పక్కకి వంచి విన్నాడు.

"ఇంతేనా అమ్మాయ్? చప్పుడు సంగతి నాకొదిలెయ్" అన్నాడు.

వెదురు బద్దలు రెండు వంచాడు. వాటి కొసలకి చింతమొద్దులు కట్టాడు. అక్కణ్ణించి నార తాళ్ళు లాక్కొచ్చి చెంగి కాళ్ళకి ముడివేశాడు. కాలు కదిలితే తాడు కదులుతుంది, బద్ద విసురుతుంది, మొద్దు వెళ్ళి దుంగ మీద పడుతుంది. మళ్ళీ తనంతట తనే వెనక్కి వచ్చేస్తుంది.

"దీని పేరు మీట. ఏదీ, ఒక్కసారి కాలు ఆడించు" అన్నాడు.

చెంగి భయం భయంగా ఒక్క వేలు కదిపింది.

ధన్‌న్‌న్!

గురప్ప ఒక్క గెంతున చెట్టెక్కాడు. చెంగి మళ్ళీ కదిపింది. ధన్! గట్టిగా తన్నింది. ధన్! ఈకతో తాకినట్టు తాకింది. ధన్! ఎలా తాకినా ఒకటే మోత, కొండ పగిలేంత మోత. చెంగి నవ్వింది, పొర్లింది, నవ్వుతూనే తన్నింది. ధన్ ధన్ ధనాధన్ ధన్! అడవి పిల్లలంతా వచ్చి గంతులే గంతులు.

మోత విని కాటయ్య తాత కూడా వచ్చాడు. ఆ తాళ్ళూ బద్దలూ చూసి మూతి ముడిచాడు.

"కాలు నీది. మోత మొద్దుది. మరి డోలు కొట్టిందెవరే?"

చెంగి తక్కువ తినలేదు. "తాతా, మీరు కొమ్ముబూర ఊదినప్పుడు ఊపిరి మీది, మోత కొమ్ముది. మరి బూర ఊదిందెవరు?"

అందరూ గొల్లున నవ్వారు. తాత నవ్వలేదు.

అంతే, అడవి రెండు ముక్కలైంది. కాలు పక్షం ఒకటి, మీట పక్షం ఒకటి. "మీట పెడితే చీమ కూడా డోలు కొడుతుంది" అన్నారు వీళ్ళు. "ఏదీ, ఒక చీమని తెండి చూద్దాం" అన్నారు వాళ్ళు. కోతులు ఒకరి పేలు ఒకరు చూడటం మానేశాయి. తాబేలుని అడిగితే, "తొందరెందుకు? జాతరయ్యాక ఆలోచించి చెప్తా" అంది.

చివరికి తాతే ముందుకొచ్చాడు. "కట్టండి నా కాలికి! దీని సంగతేమిటో తేలుస్తా."

కట్టారు. తాత తన అలవాటు ప్రకారం ఒక్క తన్ను తన్నాడు. ఆ బరువుకి తాడు ఊగింది, బద్ద గజగజలాడింది. ధన్ ధన్ ధన్! ఒక తన్నుకి మూడు మోతలు! తాత కంగారుపడి కాలు వెనక్కి తీశాడు. ధన్! చిరాకుతో గిట్ట నేలకేసి కొట్టాడు. ధన్ ధన్! తాళం లేదు, తల లేదు, తోక లేదు. పిల్లలు పొట్టలు పట్టుకుని దొర్లారు.

"చూశారా తాతా?" అంది చెంగి. "మీట మోతే ఇస్తుంది. తాళం కాలే వేయాలి."

తాత తాడు విదిలించుకున్నాడు. "సరేలే, పెట్టుకో. దేవర ఉండేది నా వీపు మీద. మెడదారిలో ఒక్క అడుగు తప్పిందా, మేమిద్దరం లోయలో ఉంటాం. అలా జరగబోయిందంటే మాత్రం మళ్ళీ నువ్వు డోలు జోలికి రాకూడదు."

"సరే తాతా!"

వెళ్ళేముందు గిజిగాడు ఒక మాట చెప్పాడు. "అమ్మాయ్, రోజూ పొద్దున్నే మీట విప్పేసి ఉత్తి కాళ్ళతో కాసేపు తన్ను. ముఖ్యంగా మెల్లటి నడక. మరిచిపోకు."

చెంగి తలూపింది. కాని మర్నాడు పొద్దున్న ఉత్తి కాళ్ళతో తన్ని చూస్తే, టప్... టప్... ఛీ, ఎంత చిన్న చప్పుడు! ధన్ ధన్ విన్న చెవికి ఆ టప్పు ఆనుతుందా? 'ఇంత మోత చేతిలో ఉండగా ఇదెందుకు?' అనుకుంది. మీట కట్టేసుకుంది. రాతి మీద వెల్లకిలా పడుకుని, నోట్లో గడ్డిపోచ పెట్టుకుని, కాలి కొనతో అలా అలా ఆడించేది. ధన్ ధన్! "ఆహా!" అనేవారు పిల్లలు. జాతర దాకా ఇదే వరస. తన్నడం మానేసిన కాళ్ళు మెత్తబడ్డాయి. ఆ సంగతి మోతలో తెలియదు కదా!

జాతర రానే వచ్చింది. తంగేడుపూల దండలతో దేవరని తాత వీపు మీద కట్టారు. ఆయన వెనక ఏనుగులు, ఏనుగుల వెనక జింకలు, కోతులు, అడవంతా. తన నడక సంగతి తెలుసు కాబట్టి తాబేలు ముందురోజే బయల్దేరి సగం కొండ మీద ఉంది.

గురప్ప గొంతెత్తాడు. చెంగి కాలు కదిపింది. ధన్... ధన్... ధన్... దెబ్బకో అడుగు. కొండంతా వినపడింది. "ఓహో, పిల్లకి తిమ్మిరి వదిలిందిరోయ్!" అని అరిచింది వెనక ఏనుగు. చెంగి ఒళ్ళు పొంగిపోయింది.

సగం కొండ ఎక్కేసరికి చెంగి తొడలు లాగడం మొదలుపెట్టాయి. కాళ్ళు సన్నగా వణికాయి. ఉత్తి డోలైతే ఆ వణుకు ఎవరికి వినపడేది? కాని ఉన్నది మీట. దానికి తన్నూ ఒకటే, వణుకూ ఒకటే.

ధన్ ధన్ ధనధనధనధనధన!

దెబ్బకో అడుగు కదా! తాత పరుగందుకున్నాడు. ఏనుగులు చెవులు రెపరెపలాడిస్తూ పరుగెత్తాయి. జింకలు ఏనుగుల కాళ్ళ మధ్యనుంచి దూరిపోయాయి. దారిలో ఉన్న తాబేలుని ఒక ఏనుగు తొండంతో ఎత్తుకుపోయింది. "ఆహా! నా జన్మలో ఇంత గాలి తగల్లేదు!" అని అరిచింది తాబేలు.

"ఓసి పిల్లా! దేవర ఎగిరిపడుతున్నాడే!" అని పైనుంచి తాత కేక.

"ఆపవే చెల్లీ!" అన్నాడు గురప్ప.

"ఆగడం లేదన్నా! కాళ్ళు నా మాట వినడం లేదు!"

అంతలో మెడదారి వచ్చేసింది. తాడు కొరికేద్దామని చెంగి వంగింది. అంతలోనే ఆగిపోయింది. డోలు ఆగితే తాత ఆగుతాడు. వెనక వేగంగా వస్తున్న ఏనుగులు ఆగగలవా? తాతనీ దేవరనీ కలిపి లోయలోకి నెట్టేస్తాయి!

ఒక్కటే దారి. మెల్లమెల్లగా తగ్గించాలి.

ఎడమ కాలిని ముందు కాళ్ళతో ఒడిసి పట్టుకుంది. కళ్ళు మూసుకుంది. "దేవరా, తప్పు నాది. ఒక్క కాలు నిలబెట్టు తండ్రీ" అనుకుంది. కుడి మడమ రాతికి గట్టిగా అదిమింది. లేపింది. ధన్. మళ్ళీ అదిమింది. తొడ మండిపోతోంది. లేపింది. ధన్... అదిమి ఉంచడమే అసలు పని అని అప్పుడు తెలిసింది దానికి. ధన్... ... ధన్... ...

గురప్పకి సంగతి అర్థమైంది. అతనూ గొంతు తగ్గించి, ఆ దెబ్బతోపాటు సాగదీశాడు. "దే... వ... రా..."

"అరె! గురప్ప మాట అర్థమైంది!" అన్నాయి ఏనుగులు. ఆ ఆశ్చర్యంలో వాటి పరుగూ తగ్గింది. పరుగు నడకయ్యింది. మెడదారి మీద తాత ఒక్కొక్క గిట్టే ఆనించి నడిచాడు. దాటాడు. వెనక అందరూ దాటారు. దేవర తన చోట కూర్చున్నాడు.

కిందికి దిగేటప్పుడు ఏనుగులు, "చెంగీ, మళ్ళీ ఒక్కసారి పరుగెత్తించవే!" అని ఒకటే గోల. చెంగి మాత్రం నవ్వలేదు. తాత ఎదుటికి వెళ్ళి చెవులు వాల్చి నిలబడింది.

"తాతా, గిజిగాడు మామ చెప్పినా నేను సాధన చేయలేదు. మోత చూసుకుని మురిసిపోయాను. మాట ప్రకారం డోలు మీ మనవడికే ఇచ్చేయండి."

తాత ఇంకా రొప్పుతూనే ఉన్నాడు. తంగేడు దండ ఒక కొమ్ముకి వేలాడుతోంది.

"తిట్టాలనే దిగొచ్చానే. ఆ మీట నాకు నచ్చదు. ఎప్పటికీ నచ్చదు. కాని మెడదారిలో పడిన ఒక్కొక్క దెబ్బా నా గిట్టలకి తెలుసు. అవి మీట కొట్టినవి కావు, నువ్వు కొట్టినవి. అవతల కాళ్ళు వణుకుతున్నా వదిలేసి పారిపోలేదు. డోలు నీ దగ్గరే ఉండనీ."

మర్నాడు తెల్లారగానే చెంగి మీట విప్పి పక్కన పెట్టింది. ఉత్తి కాళ్ళతో మొదలుపెట్టింది. టప్... టప్... టప్... చిన్న చప్పుడు. అయినా ఈసారి దానికి విసుగు పుట్టలేదు. ఎక్కడ కాలు తేలిపోతోందో, ఎక్కడ నిలుస్తోందో వింటూ కూర్చుంది.

కాసేపటికి వెనక ఎండుటాకుల చప్పుడయ్యింది. కాటయ్య తాత వచ్చి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. అంత పెద్ద తలా వంచి, చెవి దుంగకి ఆనించాడు.

"ఊఁ, బాగుంది. కొట్టు" అన్నాడు.

"మీట లేకుండానే వినపడుతోందా తాతా?"

"ఎందుకు వినపడదే? ఇన్నాళ్ళూ నేను దగ్గరికి రాలేదు గాని!"

నీతి: పనిముట్టు మన పనిని పెద్దది చేసి వినిపిస్తుంది, నేర్పునైనా, లోపాన్నైనా. అందుకే పనిముట్టు ఎంత గొప్పదైనా సాధన మానకూడదు.