తలుపు లేని తామర

"గురూగారూ, ఆ ముత్యాలుగాడి దగ్గర ఉన్నదేటి, నా దగ్గర లేనిదేటి?" అని గవరయ్య అడిగాడు. అడగడం అంటే మామూలుగా అడగలేదు. చేతిలో గ్లాసు ఊపి ఊపి అడిగాడు, సగం టీ చొక్కా తాగింది.

పోలినాయుడు మేస్త్రి విశాఖపట్నంలో ఫాల్స్ సీలింగు పనికి పెద్ద గురువు. ఆయన ఒక్కసారి తలెత్తి చూస్తే శ్లాబు తనంతట తానే తన లోపాలు ఒప్పేసుకునేదని ప్రతీతి. ఆయనకు శిష్యులు ఇద్దరు. గవరయ్య పన్నెండేళ్లుగా ఉన్నవాడు. ముత్యాలు మొన్న మొన్న, మూడేళ్ల కిందట వచ్చినవాడు. ఈ మూడేళ్లలో గవరయ్య కడుపులో రగిలిన కుళ్లుతో గాజువాక మొత్తానికి రెండు పూటలా అన్నం వండి వార్చొచ్చు. ముత్యాలు తుమ్మినా, వాడు గర్వంగా తుమ్మినట్టే గవరయ్యకు వినిపించేది.

ఈసారి మంటకు కారణం హైమావతి గారి ఆఫీసు. ఫోన్లలో మాట్లాడి పనులు చక్కబెట్టే కంపెనీ ఆవిడది. రెండు రోజుల్లో ప్రారంభం. ముందు హాలు వచ్చేపోయేవాళ్లు కూర్చునేది, వెనక హాలు అరవై మంది ఆడపిల్లలు ఒకేసారి ఫోన్లలో మాట్లాడేది. ముందు హాలు పైకప్పు గవరయ్యకు, వెనక హాలుది ముత్యాలుకు అప్పజెప్పాడు మేస్త్రి. ఈ రెండింట్లో ఎవరి పని బాగుంటే వాడే అనకాపల్లిలో లేస్తున్న నాలుగంతస్తుల షాపింగ్ కాంప్లెక్సుకు పనిపెద్దగా వెళ్తాడని కూడా అన్నాడు. అంత పెద్ద పని చేతిలో పడితే మనిషి మేస్త్రి అయిపోయినట్టే. గవరయ్య పన్నెండేళ్లుగా కలలో కూడా ఆ మాట కోసమే చెవులు రిక్కించుకుని పడుకున్నాడు.

అందుకే ముందు హాల్లో ఇరవై ఒక్క రోజులు శ్రమపడి జిప్సంతో తామరపువ్వు పూయించాడు. పదహారు రేకులు, రేకుల వెనక దాచిన దీపాలు, వెతికినా అతుకు దొరకదు. దాన్ని చూసి తుమ్మెదలు దారి తప్పి వచ్చాయని ఊరంతా చెప్పుకున్నాడు గాని, నిజానికి వచ్చింది ఒక్క ఈగ. ముత్యాలు మాత్రం వెనక హాల్లో తెల్లటి పలకలు వరసగా పేర్చి ఊరుకున్నాడు. లోహపు పట్టీల గళ్లు, గడికొక పలక. అంతే.

ఆ పొద్దున హైమావతి గారు వచ్చారు. పరీక్షకని అరవై మంది పిల్లల్నీ కూర్చోబెట్టి మాట్లాడించారు. ఆవిడ తామర కింద నుంచి ఫోను చూసుకుంటూ నడిచి వెళ్లిపోయారు. తల ఎత్తలేదు. వెనక హాల్లో మాత్రం టక్కున ఆగిపోయారు.

"అమ్మో! ఇంతమంది మాట్లాడుతుంటే కూడా పక్క మనిషి మాట చక్కగా వినిపిస్తోందే! చప్పుడంతా ఏమైపోయింది?"

"ఈ పలకలు చప్పుడు పీల్చేస్తాయండి," అన్నాడు ముత్యాలు.

"బలే బాబూ నువ్వు!" అన్నారావిడ.

ఆ 'బలే' గవరయ్య చెవిలో పడింది, అక్కణ్ణించి గుండెలోకి జారింది, అక్కడ కాపురం పెట్టేసింది. వాడు తిన్నగా గురువు దగ్గరకొచ్చి అడిగిన ప్రశ్నే మనం మొదట విన్నది.

మేస్త్రి తొందరపడలేదు. తన టీ తాను పూర్తి చేసి అన్నాడు. "నేను చెప్తే నీ మనసుకెక్కదు. వెళ్లి వాడి పనిలో తప్పు వెతికి పట్రా. ఒక్కటి దొరికినా అనకాపల్లి నీదే."

గవరయ్య ఒళ్లు పులకరించింది. పన్నెండేళ్లలో గురువు చెప్పిన పనుల్లో ఇంత ఇష్టమైనది మరొకటి లేదు. నిచ్చెన భుజాన వేసుకుని పెళ్లికొడుకులా బయలుదేరాడు.

మొదటి పలకను రెండు చేతులతో పైకి నెట్టి పక్కకు జరిపి, తల లోపల పెట్టాడు. వేలాడే తీగలన్నీ తిన్నగా శ్లాబుకే బిగించి ఉన్నాయి. బద్ధకించిన పనివాళ్లు ఏసీ గొట్టాలకే తీగ కట్టేసి చేతులు దులుపుకుంటారు. ముత్యాలు కూడా కట్టి ఉంటాడని గవరయ్య ఎంతగానో ఆశపడ్డాడు. ఒక్కటీ లేదు. రెండో పలక, పదో పలక, ముప్ఫయ్యో పలక. ఒక పలక వీపు మీద పెన్సిలుతో రాసి ఉంది: 'ఇక్కడ కరెంటు పెట్టె ఉంది. మెల్లగా.'

"దస్తూరీ చూడు, కోడి కెలికినట్టు!" అని గవరయ్య మొదటి తప్పు పట్టాడు. గురువు దానికి అనకాపల్లి ఇవ్వడని తెలిసి ఊరుకున్నాడు.

ఇంతలో కింద నిచ్చెన కదలకుండా ఎవరో పట్టుకున్నారు. చూస్తే ముత్యాలు!

"అన్నా, ఆ కిటికీ మూలది కూడా తీసి చూడు. అక్కడ శ్లాబు ఎగుడుదిగుడు, మట్టం కుదరక రెండ్రోజులు ఏడిపించింది నన్ను. ఏమైనా తేడా ఉంటే చెప్పు."

"నువ్వు చెప్పాలేటి నాకు?" అన్నాడు గవరయ్య. శత్రువు తనంతట తానే కోట తలుపు తీసి లోపలికి రమ్మంటే ఎంత కంపరంగా ఉంటుందో ఆ క్షణాన వాడికి తెలిసింది. కసి రెట్టింపై మరింత జోరుగా పలకలు ఎత్తాడు. మెడ పట్టేసింది. దుమ్ము పడి మీసం ముగ్గుబుట్టలా అయింది. భోజనం మానేశాడు. ఆకలి వేయలేదు, అసూయే కడుపు నిండా ఉంది.

మధ్యాహ్నం మూడింటికి నూట పన్నెండో పలక ఎత్తాడు. ఏసీ నీళ్లు బయటికి పోయే గొట్టం ఒంటి మీద తడి! ఒక చుక్క తయారై వేలాడుతోంది కూడా.

గవరయ్య వేసిన కేకకు గాజువాక జంక్షన్లో బస్సులు ఆగాయి. "గురూగారూ! కారుతోంది! ముత్యాలు సీలింగులో నీళ్లు కారుతున్నాయి!"

మేస్త్రి వచ్చాడు, వెంట ఏసీ మెకానిక్కు వచ్చాడు. మెకానిక్కు నిచ్చెనెక్కి గొట్టాన్ని వేలితో తడుముతూ పోయాడు. "ఇక్కడ అతుకు గట్టిగానే ఉంది మేస్త్రీ. ఈ తడి గోడ అవతల నుంచి గొట్టం మీదుగా పాకి వస్తోంది. మిషను అవతల హాలు పైన ఉంది కదా, దాని దగ్గరి అతుకు వదులైనట్టుంది."

అవతల హాలు పైన అంటే తామర పైన.

ముగ్గురూ ముందు హాల్లోకి నడిచారు. ముత్యాలు నిచ్చెన తెచ్చాడు. మెకానిక్కు తల ఎత్తి రేకు రేకూ చూసి, "బ్రహ్మాండంగా ఉంది. తలుపెక్కడ?" అన్నాడు.

మిషను ఉన్న చోట మరమ్మతుకు చెయ్యి దూరేలా చిన్న తలుపు వదలమని మేస్త్రి మొదటిరోజే చెప్పాడు. తలుపు పెడితే రేకు మధ్యలో గీత పడుతుందని, ఆ గీత చూసి ముత్యాలు ఎక్కడ వంక పెడతాడోనని గవరయ్య మానేశాడు. గురువు మళ్లీ అడిగినప్పుడు "నేను చూసుకుంటాను లెండి" అని దాటేశాడు.

మేస్త్రి సుత్తి తీసి గవరయ్య చేతిలో పెట్టాడు.

వాడు నిచ్చెనెక్కి మిషను కిందున్న ఏడో రేకును వేలితో నొక్కాడు. పాలలో నానిన బిస్కెట్టులా వేలు లోపలికి దిగింది. ఇంకో రెండు రోజులాగితే ప్రారంభం రోజున ఆ రేకు సరిగ్గా అతిథుల నెత్తిన రాలేది. కళ్లు మూసుకుని కొట్టాడు. బకెట్టుడు నీళ్లు, అరమూట జిప్సం, ఇరవై ఒక్క రోజుల గొప్ప, అన్నీ కలిసి వాడి నెత్తిమీదే పడ్డాయి. మెకానిక్కు ఆ కంతలో చెయ్యిపెట్టి అతుకును రెండు తిప్పులు బిగించాడు. రెండు నిమిషాల పని.

"ముత్యాలూ," అన్నాడు మేస్త్రి, "లగేజీ సర్దుకో. సోమవారం అనకాపల్లి." ముత్యాలు గవరయ్య వైపు చూసి, కొత్త జిప్సం షీటు తేవడానికి వెళ్లిపోయాడు.

గవరయ్య తెల్లటి బురదలో చతికిలబడ్డాడు. ఏడుపుకూ కోపానికీ మధ్య ఎక్కడో ఉంది వాడి గొంతు.

"కంతకు తలుపు పెట్టి రేపటికి పూర్తి చేస్తాను గురూగారూ. కాని దాన్ని చూసి ఒంటికన్ను తామర అంటారు జనం. అందరికంటే ముందు వాడే నవ్వుతాడు. వాడు నా పనిలోకి తొంగిచూస్తుంటే నేనెలా నిలబడను?"

మేస్త్రి వాడి భుజం మీది జిప్సం దులిపాడు.

"పొద్దుట్నించీ వాడి పలకలు నూట పన్నెండు ఎత్తి చూశావు గదరా. ఎక్కడైనా వద్దని నీ చెయ్యి పట్టుకున్నాడా?"