ఇంట్లో వేసుకొచ్చిన గవ్వలు

వాన పట్టిందంటే చాలు, నల్లగుట్ట జంతువులన్నీ ఎలుగుబంటి గుహలో చేరి వీరుల ఆట ఆడతాయి. కథ నడిపేది ఎలుగు. ఇదిగో వాగు, అదిగో అవతల రాక్షసుడు, ఏం చేస్తారో చెప్పండి అంటుంది. ఆడేవాళ్లకి తలా ఒక వీరుడు. వాడి బలం, వేగం, తెలివి ఎంతెంతో గవ్వలు చెబుతాయి. ఆరు గవ్వలు మూడుసార్లు వెయ్యాలి, ఎన్ని వెల్లకిలా పడితే అంత. వీరుడు చచ్చాడా, వాణ్ణి ఆడించేవాళ్లు వానలు వెలిసేదాకా గోడవారన కూర్చుని చూడ్డమే.

పోయినేడు తాబేలుకి అదే గతి పట్టింది. వేగం ఒకటే పడింది, మొదటిరోజే వీరుడు వాగులో కొట్టుకుపోయాడు. రెండు నెలలపాటు పక్కవాళ్ల ఆట చూస్తూ లోలోపల ఏడ్చింది. పుట్టిందగ్గర్నుంచీ పరుగంటే ఎరగని ప్రాణం, ఆటలోనైనా ఒక్కసారి పరిగెత్తాలనుకుంది. అందులో తప్పేముంది చెప్పండి.

ఈ ఏడు అందరి ముందూ వేసింది. ఒకటి, రెండు, ఒకటి. కుందేలుకి మూడు, రెండు, నాలుగు. మళ్లీ ఆ గోడే దిక్కనుకుని తాబేలు మెడ లోపలికి లాక్కుంది.

అంతలో నక్క తడిసిన తోక దులుపుకుంటూ వచ్చింది.

"మామా, నేను ఇంట్లోనే వేసుకొచ్చా. ఆరు, ఆరు, అయిదు."

ఎలుగు ఒట్టి మెతక. "అదృష్టవంతుడివి అల్లుడూ," అని మట్టిలో గీసుకుంది.

తాబేలు మెడ మళ్లీ బయటికొచ్చింది. దానికి కోపం రాలేదు, ఆరా పుట్టింది. ఆ అయిదేమిటి? మూడూ ఆర్లంటే ఎవరూ నమ్మరని ఒకటి తగ్గించిందా?

"బావా, వేసినప్పుడు ఎవరైనా చూశారా?"

"మీ అక్క చూసింది."

"ఒక్కసారే వేశావా?"

"ఒక్కసారే. అంతా గవ్వల చలవ మరదలా, నా చేతిలో ఏముంది?"

"నిజమే. నాకు ఒకటి పడితే నా తప్పు కాదు, నీకు ఆరు పడితే నీ గొప్పా కాదు. అంతేగా?"

"అంతే," అంది నక్క, మీసం దువ్వుకుంటూ.

"అయితే మామా, ఒక పని చేద్దాం. ఎవరు వేసిన అంకెలైనా అందరివీ. నచ్చినవి తీసుకుని, ఎవరికి ఏది ఎక్కువ కావాలో అక్కడ పెట్టుకుందాం."

కుందేలు చెవులు నిక్కబొడుచుకుంది. నక్క ఒక్క గెంతులో ముందుకొచ్చింది.

"అదెలా కుదురుతుంది? నేను కష్టపడి..."

"ఏం కష్టపడ్డావు బావా?" తాబేలు మెల్లిగా అడిగింది. "గవ్వల చలవేనన్నావుగా."

ఎలుగు నక్కవంక తిరిగింది. "ఇష్టం లేకపోతే ఇక్కడే, మా ముందు మళ్లీ వెయ్యి," అని గవ్వలు తోసింది. నక్క వాటిని ముట్టుకోలేదు. "సర్లే, అందరూ తీసుకోండి," అని గొణిగింది.

అలా ఆ ఏడు వీరులందరూ ఆరు, ఆరు, అయిదుతో బయల్దేరారు. మొదట అడ్డమొచ్చింది వాగే. ఎవరు దూకుతారని ఎలుగు అడిగింది.

"నా వీరుడు పరిగెత్తుకుంటూ వచ్చి దూకాడు," అంది తాబేలు.

"దాటాడు," అంది ఎలుగు.

సంతోషంతో తాబేలు కళ్లు చెమర్చాయి. మూతి ముడుచుకుని కూర్చున్న నక్క దగ్గరికి జరిగి, దాని చెవిలో అంది:

"బావా, వచ్చే ఏడూ ఇంట్లోనే వేసుకురా. ఆ అయిదు కూడా ఆరు చేసుకొస్తే ఇంకా బాగుంటుంది."

నీతి: అదృష్టమని చెప్పుకునేదాన్ని పంచుకోమని అడిగి చూడండి, దొంగదైతే అక్కడికక్కడే బయటపడుతుంది.