పుచ్చు మొద్దు భరిణె

చందనగిరి రాజ్యంలో కొయ్యను గిరగిర తిప్పుతూ భరిణెలు చెక్కడంలో పైడమ్మది అందెవేసిన చెయ్యి. రాణిగారికి కుంకుమ భరిణె చేసే పోటీకి ఆమె కూడా వచ్చింది. కలప కొట్టు అధికారి విరూపాక్షయ్య ఇచ్చిన కొయ్యతోనే చెక్కాలి. వేరేది వాడితే దేశబహిష్కారం.

తన బావమరిదిని గెలిపించుకోవాలని విరూపాక్షయ్య పైడమ్మ ముందు నల్లటి చారలు పడి పుచ్చిపోయిన మొద్దు పడేశాడు.

"అందరికీ మేలు రకమే ఇచ్చాను, పట్టుకుపో!" అన్నాడు.

పైడమ్మ మొద్దును ఇంటికి మోసుకెళ్లింది. కావలసినంత ముక్క కోసి, పది రోజులు ఎండబెట్టి, గుగ్గిలం కరిగించిన వేడి నూనెలో నానబెట్టింది. నూనె లోపలిదాకా ఇంకి ఆరేసరికి మెత్తటి కొయ్య రాయిలా బిగిసింది.

సభలో ఆమె భరిణె మీది నల్లటి చారలు చూసి రాజు ముచ్చటపడ్డాడు. విరూపాక్షయ్య ఒక్క ఉదుటున లేచాడు.

"మోసం ప్రభూ! ఇది నేనిచ్చిన కొయ్య కాదు!"

"మరి తమరిచ్చింది ఎలా ఉండేదో సెలవియ్యండి" అంది పైడమ్మ నెమ్మదిగా.

"గోటితో గిల్లితే పొడి రాలేది! దాంతో భరిణె ఎవరు చెక్కగలరు?"

పైడమ్మ రాజు వైపు తిరిగింది.

"విన్నారుగా ప్రభూ! నేను చెబితే ఎవరూ నమ్మరని ఆయన నోటే చెప్పించాను."

పైడమ్మ మిగిలిన మొద్దు తెప్పించి, భరిణె అడుగును దానికి ఆనించింది. చారలు చారలతో కలిశాయి. రాజు మొద్దును గిల్లి చూస్తే పొడి రాలింది.

ఆ సాయంత్రానికి కలప కొట్టు తాళాలు పైడమ్మ బొడ్లో ఉన్నాయి.