మొరగని దొడ్డి

ఆ దారినే రోజూ వెళ్తారు కదా, ఏం చూశారో చెప్పండి. సున్నం కొట్టిన గోడ చూశామంటారు. నేనడిగింది గోడ గురించి కాదు. గోడ అవతల ఏం చూశారు? చెప్పలేరు. అయితే కూర్చుని ఈ కథ వినండి.

ఒకానొక రాజ్యంలో రణధవళుడనే రాజు ఉండేవాడు. తన ఏలుబడిలో అన్నీ సక్రమంగా ఉన్నాయని చెప్పుకోవడం ఆయనకు మహా ఇష్టం. వీధికుక్కల కోసం ఒక దొడ్డి కట్టించి, దండపాణి అనే అధికారికి అప్పగించాడు. ఏడాదికోసారి డప్పులతో, ఏనుగు మీద తనిఖీకి వెళ్లేవాడు. ఏనుగు దిగేవాడు కాదు. గోడ పక్కన డప్పులు ఆపించి చెవి ఒగ్గి వినేవాడు. అదే తనిఖీ.

"ఒక్క కుక్కయినా మొరగడం లేదు. ఏం క్రమశిక్షణ, దండపాణీ" అని మురిసిపోయి, ఒక ఏడాది అతని చేతికి బంగారు కంకణం తొడిగించాడు.

కొన్నాళ్లకు ఎర్రక్క అనే గొర్రెలకాపరి సభకు వచ్చింది.

"దొరా, సంతకొస్తే నా నల్లోణ్ణి వీధికుక్క అనుకుని పట్టుకుపోయారు. అది లేకపోతే తోడేళ్లు నా మందను మిగల్చవు. నా కుక్కను నాకు ఇప్పించండి."

"దొడ్డికి వచ్చిన కుక్క దొడ్డిదే, ప్రభూ. అది నియమం" అన్నాడు దండపాణి. "అక్కడ దానికి ఏ లోటూ లేదు."

"లోటు లేకపోతే ఎందుకు పలకదు? గోడ బయట నిలబడి గొంతు పోయేదాకా పిలిచాను. ఆకు కదిలినా మొరిగే కుక్క అది."

"నీ దగ్గర నేర్వని మర్యాద నా దొడ్డిలో నేర్చుకుందిలే" అన్నాడు రాజు. సభంతా నవ్వింది. ఎర్రక్క కొంగు బిగించుకుని అక్కడే నిలబడింది.

అప్పుడు విదూషకుడు బొల్లన లేచాడు. నవ్వించడం అతని కొలువు. ఆ రోజు అతని ముఖాన నవ్వు లేదు.

"ప్రభూ, నాదీ ఒక ఫిర్యాదు. తమరి వేటకుక్కలు నన్ను చూస్తే చాలు, మీద పడి మొరుగుతున్నాయి. వీధికుక్కలకున్న మర్యాద రాచకుక్కలకు లేకపోతే తమకే చిన్నతనం. తమ వేటకుక్క శరభాన్ని కొన్నాళ్లు దండపాణి గారి దగ్గర ఉంచితే?"

రాజుకు ఆ మాట నచ్చింది. శరభం ఆయన ప్రాణం. ఆయన చేత్తో మాంసం పెడితే తప్ప తినేది కాదు.

"తీసుకుపో దండపాణీ. అన్నిటిలాగే చూడు. ప్రత్యేకంగా ఏమీ చెయ్యకు."

దండపాణి కదల్లేదు.

"ప్రభూ, శరభం వద్దు."

"ఎందుకు?"

"అక్కడ... అది తట్టుకోలేదు."

రాజు సింహాసనం దిగి, ఏనుగూ డప్పులూ లేకుండా దొడ్డికి నడిచి వెళ్లాడు. వెనక బొల్లన, ఎర్రక్క.

తలుపు తీయించారు. నీళ్లతొట్టి అడుగు ఎండి పగుళ్లిచ్చి ఉంది. కుక్కలు నేలకంటుకుని పడున్నాయి. కొత్తవాళ్లు వచ్చినా ఒక్కటీ తల ఎత్తలేదు. మొరగడానికి వాటిలో సత్తువ లేదు. రాజు ఇన్నేళ్లూ విని మురిసింది ఆ మౌనాన్నే.

"నల్లోడా" అంది ఎర్రక్క. ఒక మూలన ఓ తోక మాత్రం నేలను ఒకసారి తట్టింది. ఆమె దాన్ని ఒళ్లోకి తీసుకుని, తన సొరబుర్రలోని నీళ్లతో కొంగు తడిపి నోట్లో పిండింది.

రాజు దండపాణి కంకణం ఊడదీయించి, అతణ్ణి చెరలో వేయించాడు. సభకు తిరిగొచ్చాక ఆయనకు కోపం పొంగింది.

"ఇంతమంది ఉన్నారే నా సభలో. నాకు ఒక్కరూ చెప్పలేదేం?"

"తమ సభలోనూ క్రమశిక్షణ ఎక్కువే, ప్రభూ" అన్నాడు బొల్లన.

రాజు నవ్వాడు. తన్ను తాను చూసుకుని నవ్విన నవ్వు అది, సగంలోనే ఆగిపోయింది. కంకణాన్ని బొల్లన ముందు పెట్టించాడు.

"ఇది వద్దు ప్రభూ. ఆ దొడ్డి తలుపుకున్న తాళం ఊడదీయించి నాకిప్పించండి. ఇకమీదట ఎవరైనా, ఎప్పుడైనా, చెప్పకుండా లోపలికి వెళ్లి చూసేలా."

రాజు తాళం తెప్పించి ఇచ్చాడు. నల్లోడు మళ్లీ మంద వెనక నడిచింది గానీ, మొరగడానికి చాలా కాలం పట్టింది.

కథ అయింది. ఆ సున్నం గోడ వెనకున్న మీ ఊరి కుక్కలదొడ్డి నుంచి చప్పుడు రావడం లేదని మీరూ నిశ్చింతగా ఉన్నారు. దాని తలుపు మీరెప్పుడు తట్టారు?