సుంకులమ్మ బంతిలో ఉంది

అనగా అనగా, కాలవలకింకా పేర్లు పెట్టని కాలం. ఊఁ కొడుతూ వినండి.

మెట్టసీమలో వానల్లేక, పలుగూ పారా పట్టుకుని జనం పల్లపు దేశానికి కాలవ తవ్వే పనికొచ్చారు. వాళ్లలో సుంకులమ్మ ఒకతి. మొగుడు దారిలోనే పోయాడు. సంకలో ఏడాది నిండని పాప.

పని సగంలో ఉండగా వరదొచ్చింది. గుడిసెలు కొట్టుకుపోయాయి. ఊరివాళ్లు జాలిపడి గంజి కాచారు. గరిట పట్టిన గురవయ్యతో ఊరిపెద్ద అన్నాడు: "అడిగిన ప్రతివాళ్లకీ పోయకు. బిడ్డతల్లయితే పాపం అనాలి. ఒంటి మనిషికి రెక్కలున్నాయి, పోయి పని చేసుకోమను. పోసింది ఇక్కడే తాగాలి."

పనెక్కడుంది? నీళ్ల కింద ఉంది.

సుంకులమ్మతో పాటు గట్టుమీద ముగ్గురున్నారు. చెయ్యి విరిగిన లచ్చుమక్క, జ్వరంతో కాగే ఈరమ్మ, పిల్లల్లేని గంగి. ముగ్గురినీ గురవయ్య తరిమేశాడు.

"నా పాపనెత్తుకుని పో అక్కా" అంది సుంకులమ్మ. "నాదే అని చెప్పు. నేను గట్టిదాన్ని, రేపు తాగుతాలే."

లచ్చుమక్క వెళ్లింది.

"బిడ్డ నీదేనా?"

"నాదే సామీ."

గంజి పోశాడు. ఆమె తాగింది, పాపకింత తాగించింది.

మర్నాడు ఈరమ్మ వెళ్లింది. "నీదేనా?" "నాదే సామీ." పోశాడు.

ఆ మర్నాడు గంగి. "నీదేనా?" "నాదే సామీ." పోశాడు.

నాలుగోనాడు సుంకులమ్మ గోడ పట్టుకుని వచ్చింది. పాప గురవయ్యను చూసి కిలకిలా నవ్వింది. రోజూ చూసే మొహం కదా, చేతులు చాచింది.

గురవయ్య గరిట ఆగిపోయింది.

"ఈ పిల్ల నిన్నొచ్చింది, మొన్నొచ్చింది! బిడ్డను అద్దెకు తెచ్చావా?"

"నాదే సామీ."

"వాళ్లూ అదే అన్నారే! ఎవరెవరు మోసం చేశారో చెప్పు, నీకు పోస్తాను."

సుంకులమ్మ చెప్పలేదు. చెబితే రేపు వాళ్లకుండదు. "దొంగది, దొంగది" అన్నారు వెనకున్న బిడ్డతల్లులు. ఆమె వెనక్కి తిరిగింది.

తెల్లారేసరికి గట్టుమీద ఒళ్లు చల్లబడి ఉంది. పాప ఇంకా పాలకోసం రొమ్ము వెతుకుతోంది.

ముగ్గురూ ఆమెను చాపమీద మోసుకొచ్చి గంజి కుండ ముందు దించారు. "తాగింది మేము" అంది లచ్చుమక్క. "బిడ్డ దానిది."

"మరి... ఈ నాలుగు రోజులూ ఇది తాగలేదా?" అన్నాడు గురవయ్య.

గంగి సంకలోంచి పాప గురవయ్యను చూసింది. నవ్వింది. రెండు చేతులూ చాచింది.

అతను ఎత్తుకోలేకపోయాడు. మొహం కప్పుకుని అక్కడే కూలబడ్డాడు. ఆ రోజు గంజి అడిగిన ప్రతివాళ్లకీ లచ్చుమక్కే ఒంటిచేత్తో పోసింది. ఊరిపెద్ద వచ్చి, చూసి, పక్కకు తప్పుకున్నాడు.

ఇప్పటికీ ఆ వైపు వడ్డించేవాళ్లు విస్తరినే చూస్తారు, మొహం చూడరు. తెలియనివాడెవడైనా "నువ్వెవరు, ఎవరి తాలూకు" అని అడగబోతే, పెద్దవాళ్లు గదుముతారు:

"సుంకులమ్మ బంతిలో ఉంది. ముందు వడ్డించు."